ఏ కుంచముతో కొలువవలెను? – గోదావరి సీమలో స్త్రీల రాజకీయ ప్రవేశ కార్యక్రమములపై ఒక సమీక్ష

కళ్ళములో ధాన్యమునకు బేరమాడునపుడు కుంచమెవరిదో, దానిని అంచు తీసి కొలుతురో, పొంగుగా కొలుతురో ముందుగా తేల్చుకొనని యెడల ఆ బేరము చివరకు తగవుగా పరిణమించుననుట గోదావరి సీమ వ్యవసాయదారులకు ఒకరు చెప్పవలసిన విషయము కాదు. స్త్రీలను రాజకీయములలోనికి కొనితెచ్చుటకై ప్రభుత్వములును సంఘములును నడపిన కార్యక్రమములు ఫలించినవా, లేదా అను చర్చ నేడు సరిగా అట్టి తగవుగనే యున్నది. ఒకరు పీఠములను లెక్కించి ఘనవిజయమందురు. వేరొకరు ఆ పీఠములపై పేరొకరిది, పెత్తనమొకరిది అని చూపి సర్వము బూటకమందురు. మరియొకరు కుళాయిలను, రోడ్లను, ఉపాధిహామీ పద్దులను లెక్కవేసి మధ్యస్థమైన తీర్పునిత్తురు. ముగ్గురును తమ తమ కొలతలలో పొరపడుటలేదు గాని, ముగ్గురి చేతిలోని కుంచములును వేరు. కావున ఈ చర్చ ఎట్లు పుట్టి ఎట్లు చిక్కుపడెనో, అందులో నిగ్గుతేలినదేదో, ఇంకను తేలనిదేదో క్రమముగా పరిశీలించుట యుక్తము.

పీఠములు లేని నాటి శిక్షణ

రిజర్వేషను అను మాట పుట్టుటకు పూర్వమే గోదావరి తీరమున స్త్రీలను ప్రజాజీవితమునకు సన్నద్ధము చేయు ప్రయత్నము మొదలైనది. కందుకూరి వీరేశలింగము 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించుటయు, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించుటయు, 1883లో స్త్రీల కొరకు సతీహితబోధిని పత్రికను వెలువరించుటయు సంఘసంస్కార చరిత్రలో చెప్పబడుచున్నవే కాని, రాజకీయ చరిత్రలో వాటిని చేర్చువారు అరుదు. అది సరికాదని నా అభిప్రాయము. ఏలననగా తరువాతి తరమున సభావేదిక నెక్కిన స్త్రీలకు చదువు, పత్రిక, ఇల్లు దాటి వచ్చు ధైర్యము అను మూడును ఈ బాటననే లభించినవి.

బాల్యములోనే వైధవ్యము పొందిన దువ్వూరి సుబ్బమ్మ సహాయనిరాకరణోద్యమ కాలమున ఊరూర ఉపన్యసించి కారాగారమునకు పోవుటయేగాక, రాజమహేంద్రవరమున సనాతన స్త్రీ విద్యాలయమును నెలకొల్పిరి. ఆ పేరులోని ‘సనాతన’ శబ్దమును గమనింపుడు: సంప్రదాయమును ధిక్కరించుటకు కాక, సంప్రదాయము పేరనే స్త్రీలను వీథిలోనికి పిలుచుటకు ఆమె యత్నించిరి. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి చిన్ననాటనే బాలికా హిందీ పాఠశాలను నడపి స్త్రీలకు హిందీ నేర్పిరి. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున జరిగిన ఖద్దరు ప్రదర్శనలో వాలంటీరుగా నిలిచి, టిక్కెట్టు లేని కారణమున జవహర్లాలు నెహ్రూనే ద్వారమున నిలిపివేసిన కథ సుప్రసిద్ధము. ఆ కథను అందరును ముచ్చటగా చెప్పుకొందురు గాని, పదునాలుగేండ్ల బాలికకు ద్వారమును కాపాడు అధికారమును ఒక సంస్థ అప్పగించినదను అంశము అందులోని అసలు విశేషము.

ఇక చట్టము మాట. బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో స్త్రీలకు ఓటుహక్కును ముందుగా ఇచ్చినది మద్రాసు; అది 1921 నాటి మాట. ఆ ఓటు ఆస్తిపరులకే పరిమితమగుటచే ఆస్తి లేని ఆడువారికి అది అందని ద్రాక్షయైనది. 1935 ఇండియా ప్రభుత్వ చట్టము మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో 8 స్త్రీలకు ప్రత్యేకించినపుడు అఖిల భారత మహిళా సభ వంటి సంస్థలు ఆ ప్రత్యేకతను వ్యతిరేకించుట నేటి చదువరికి వింతగా తోచవచ్చును. తమకు కావలసినది సమానత గాని రాయితీ కాదని వారి వాదము. ఏలూరుతో అనుబంధము గల చోడగం అమ్మన్నరాజా 1946 తరువాతి మద్రాసు శాసనసభకు ఉపసభాపతియైరి. రాజ్యాంగ పరిషత్తులోని పదిహేనుగురు స్త్రీలలో ఒకరైన దుర్గాబాయి 1952 ఎన్నికలలో లోక్‌సభకు ఎన్నిక కాలేకపోయిరి. అయినను 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలైరి. ఎన్నికలో ఓడిన స్త్రీ రాజ్యనిర్మాణములో గెలిచిన ఈ ఉదాహరణమును కేవలము స్థానములను లెక్కించువారు ఏ గడిలో వ్రాయుదురో తెలుపవలసి యున్నది.

కలుపుకొనుట నుండి ప్రత్యేకించుట వరకు

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము పంచాయతీ సమితులలో ఇద్దరు స్త్రీలను కలుపుకొనవలెనని సూచించెను. 1959 అక్టోబరులో షాద్‌నగరున పంచాయతీరాజ్యము ప్రారంభమైన నాటినుండి ఆంధ్రప్రదేశపు సమితులలో ఈ ‘కలుపుకొనుట’ పద్ధతి నడచినది. కలుపుకొనబడిన సభ్యురాలు కలుపుకొన్నవారికి ఋణపడి యుండుట సహజము గనుక, ఆ పద్ధతి వలన స్త్రీల గళము వినిపించెనని చెప్పుటకు వీలులేదు. అదే కాలమున, 1957లో, ఏలూరు నుండి మోతే వేదకుమారి లోక్‌సభకు ఎన్నికగుట రిజర్వేషనుతో నిమిత్తము లేనిది.

స్త్రీల స్థితిగతులను విచారించిన కేంద్ర ప్రభుత్వ సంఘము 1974లో వెలువరించిన ‘సమానత్వము దిశగా’ నివేదికలో మెజారిటీ సభ్యులు శాసనసభలలో స్త్రీలకు స్థానములు ప్రత్యేకించుటను నిరాకరింపగా, వీణా మజుందార్, లోతికా సర్కార్ భిన్నాభిప్రాయమును వ్రాసిరి. స్వాతంత్ర్యమునకు పూర్వము ప్రత్యేకతను నిరాకరించిన తరమువారి వారసురాండ్రే, పాతికేండ్ల అనుభవము తరువాత, తమ పూర్వుల నిర్ణయము పొరపాటని పశ్చాత్తాపముతో ఒప్పుకొన్న ఘట్టమది. ఈ చర్చ అంతటికిని అదియే మలుపు.

ఆంధ్రప్రదేశములో మాత్రము దేశముకన్న కొంచెము ముందుగనే అడుగు పడినది. 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కల్పించిన హిందూ వారసత్వ సవరణయు, 1986 నాటి మండల వ్యవస్థలో స్త్రీలకు 9 శాతము ప్రత్యేకతయు ఎన్.టి. రామారావు ప్రభుత్వకాలమున వచ్చినవి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి మూడవవంతును తప్పనిసరి చేయగా, 1994 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము 1995లో ఎన్నికలు జరిగినవి. తరువాత 2001, 2006, 2013, 2021 సంవత్సరములలో ఎన్నికలు జరిగెను. 2011లో రాష్ట్రము ఆ మూడవవంతును సగమునకు పెంచినది.

ఆస్తి చట్టమును పీఠముల చట్టముతో కలిపి చెప్పుటకు కారణము కలదు; అది ముందు తెలియగలదు.

లెక్కించువారు, ఫలమడుగువారు, మార్గము చూచువారు

మూల్యాంకనము చేయువారిలో మొదటివారు సంఖ్యావాదులు. పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. అంతకుముందు ఏ పాలకుడును ఇంతటి మార్పును తేలేదు. కావున కార్యక్రమము సఫలము. వీరి వాదము తేలికైనది గాని తక్కువది కాదు. పైసభలలోని సంఖ్యలతో పోల్చినచో దాని బలము తెలియును: 2024లో 543 మంది లోక్‌సభ సభ్యులలో స్త్రీలు 74, ఆంధ్రప్రదేశము నుండి ఎన్నికైన 25 మందిలో 3. 2019లో ఆ సంఖ్య 4 కాగా అందులో ఇద్దరు, కాకినాడ నుండి వంగా గీత, అమలాపురము నుండి చింతా అనూరాధ, గోదావరి డెల్టావారే. వంగా గీత ప్రస్థానము తూర్పు గోదావరి జిల్లాపరిషత్తు అధ్యక్షపీఠము మొదలు రాజ్యసభ, శాసనసభ, లోక్‌సభల వరకు సాగినది. స్థానిక సంస్థ మెట్టుగా ఉపకరింపగలదనుటకు అది సాక్ష్యము. కాని ఒక్క సాక్ష్యముతో మెట్లవరుస ఉన్నదని చెప్పుట సాహసమగును.

రెండవవారు ఫలవాదులు. స్త్రీ పాలించిన ఊరికి ఏమి ఒనగూడినదని వీరి ప్రశ్న. రిజర్వేషను వంతులవారీగా తిరుగుట వలన, రిజర్వు అయిన పల్లెను కాని పల్లెతో పోల్చుటకు వీలు ఏర్పడినది. ప్రపంచములో మరెచ్చటను ఇంత విస్తృతముగా లభింపని పరీక్షాస్థలము ఇది. రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రకటించిన అధ్యయనము పశ్చిమ బెంగాలు, రాజస్థానములలో స్త్రీల పాలనలోని పంచాయతీలు స్త్రీలు కోరిన పనులపై, ముఖ్యముగా త్రాగునీటిపై, ఎక్కువ వ్యయము చేసినవని చూపెను. లక్ష్మీ అయ్యర్ ప్రభృతులు 2012లో, రిజర్వేషను వచ్చిన పిమ్మట స్త్రీలపై నేరముల నమోదు పెరిగినదనియు, అది నేరములు పెరుగుట వలన గాక ఫిర్యాదు చేయు ధైర్యము పెరుగుట వలన అనియు వాదించిరి. దీనిలో ఒక చమత్కారమున్నది: సంఖ్యను మాత్రము చూచు అధికారికి అదే అంకె అపజయముగా కనబడును.

కాని దక్షిణాదికి వచ్చునప్పటికి చిత్రము మారినది. నాలుగు దక్షిణ రాష్ట్రములను పరిశీలించిన రాదు బాన్, విజయేంద్ర రావు 2008లో, రిజర్వు పంచాయతీలలోని స్త్రీలు సామాన్యముగా పురుషులకన్న భిన్నముగా పాలింపలేదనియు, తక్కువయు కాలేదనియు తేల్చిరి. అనుభవము గలవారును, అగ్రకులాధిపత్యము తక్కువగానున్న ఊళ్ళవారును, పంచాయతీ వ్యవస్థ పరిణతి చెందిన రాష్ట్రములవారును మెరుగుగా పనిచేసిరని వారి నిర్ణయము. ఇక మన రాష్ట్రములోని ఉపాధిహామీ సామాజిక తనిఖీ పత్రముల నాధారము చేసికొని ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఇవర్సెన్, ఎం.ఆర్. శరణ్ చేసిన అధ్యయనము మరింత చేదైన మాట చెప్పినది: స్త్రీల రిజర్వు పంచాయతీలలో అవకతవకలు మొదట ఎక్కువగా నుండి, అనుభవము పెరిగినకొలది తగ్గినవి. ఆ అధ్యయనము నుండి ‘స్త్రీలు పాలింపలేరు’ అని తీయు పాఠము తప్పు. క్రొత్తగా వచ్చినవారిని పాత చేతులు మోసగించుట సులభమనియు, అనుభవముతో ఆ లోపము తీరుననియు అది చెప్పుచున్నది. అంటే లోపము వ్యక్తిలో లేదు; అనుభవలేమిలో ఉన్నది.

మూడవవారు మార్గవాదులు. ఏమి వచ్చినదని కాక, ఎవరు నిర్ణయించిరని వీరడుగుదురు. సర్పంచి గారి భర్త సభలో కూర్చుండుట, సంతకము మాత్రము ఆమెది యగుట అందరెరిగినదే. 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఈ పరోక్షపాలనను అరికట్టు మార్గములను విచారించుటకు ఒక సంఘమును నియమించుట దాని తీవ్రతకు అధికారిక అంగీకారము. అయినను మార్గవాదులకు ఒక ప్రశ్న వేయవలసి యున్నది. పురుష సర్పంచి వెనుక ఊరి మోతుబరి నిలుచుట మనకు క్రొత్తకాదు. దానిని ఏ నివేదికయు బినామీ పాలన అని పిలువలేదు. పరాధీనత స్త్రీ విషయములో మాత్రమే లోపముగా లెక్కకు వచ్చుట కొలతలోని వంకర.

డెల్టాకు కుదరని కుంచములు

అన్యప్రాంతములలో తీర్చిదిద్దిన కొలతలను యథాతథముగా ఇచటకు తెచ్చుకొనుట వలన కలుగు చిక్కులు కొన్ని కలవు. బెంగాలు పల్లెలో చేతిపంపు వేయుట స్త్రీ కోరికకు గుర్తు. కాని 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువలతో అల్లుకొన్న ఈ నేలలో నీటికి కొదువ లేదు, నీటి మంచితనమునకే కొదువ. సముద్రతీర గ్రామములలో భూగర్భజలము ఉప్పన. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందే మంచినీటి చెరువును నింపుకొననిచో ఊరంతకు ఇక్కట్లు. చేపల, రొయ్యల చెరువులు పెరిగినకొలది ఆ నీటి శుద్ధి మరింత సమస్యయైనది. కావున కుళాయిల సంఖ్యను గణించినచో డెల్టా పంచాయతీ పురుషుని చేతనున్నను స్త్రీ చేతనున్నను ఒకటే ఫలితము కనబడవచ్చును. చెరువు ఎప్పుడు నిండినది, ఎవరడిగినందున నిండినది, చేపల చెరువు మురుగు దానిలో కలియకుండ ఎవరు నిలువరించిరి అనునవి ఇచటి కొలతలు కావలెను.

ఇంకను లోతైన చిక్కు మరియొకటి. డెల్టాలో అధికారమంతయు పంచాయతీ కార్యాలయములో లేదు. నీరు, ధాన్యము, అప్పు, ఈ మూడింటి చుట్టును తిరుగు సీమలో నీటి సంఘము, సహకార పరపతి సంఘము, మిల్లు అను మూడు చోట్ల ఊరి నిర్ణయములు జరుగును. 1997 సాగునీటి యాజమాన్య చట్టము క్రింద ఏర్పడిన నీటి సంఘములలో ఓటునకు ఆధారము ఆయకట్టులోని భూమి. భూమి పత్రములు ఎవరి పేర నున్నవో ఓటును వారిదే. 1985 సవరణ కుమార్తెలకు హక్కునిచ్చినను, కట్నము క్రింద వాటా చెల్లినదని చెప్పి హక్కును విడిపించుకొను వాడుక ఇచట పోలేదు. కౌలుకు చేయు స్త్రీకైనచో పత్రమే లేదు. పంచాయతీలో సగము స్థానములు ఇచ్చి కాలువగట్టు మీద ఓటు లేకుండ చేసిన సమాజములో పీఠముల లెక్క ఎంతవరకు అధికారపు లెక్క యగును? నిర్మాణవాదులు అని పిలువదగిన నాలుగవ వర్గమువారి ప్రశ్న ఇదియే. మూల్యాంకన నివేదికలలో వీరికి చోటు తక్కువ, బహుశః వీరి కొలతలు ఒక పదవీకాలములో ముగియనందున.

పదవి లేని రాజకీయము సంగతి కూడ ఇచటనే చెప్పవలెను. భీమవరము చేరువ తుందుర్రు ఆక్వా పార్కుకు వ్యతిరేకముగా నడచిన ఉద్యమములో స్త్రీలు ముందు వరుసలో నిలిచిరి. ఏ శిక్షణా కార్యక్రమమును వారిని సిద్ధపరుపలేదు. ఏ నివేదికయు వారిని ‘లబ్ధిదారు’ల పట్టికలో వ్రాసికొనలేదు. ఇటువంటిదే నెల్లూరు జిల్లా దూబగుంట కథ: అక్షరాస్యతకై వెళ్ళిన స్త్రీలు 1990ల మొదట సారావ్యతిరేకోద్యమమును లేపి, 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ నిషేధమునకును కారణభూతులైరి. అక్షరాస్యతను మాత్రము పరీక్షించు అధికారికి ఆ తరగతులు సాధారణ ఫలితమునిచ్చిన తరగతులు. రాజకీయ చరిత్రకారునికి అవే మహాఘట్టము.

పొదుపు సంఘములు: గుంపా, గొంతా?

1982లో ఆరంభమైన డ్వాక్రా పథకము, 2000లో మొదలైన వెలుగు కార్యక్రమము, దానిని నడపిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మూలముగా సంఘము, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అను అంచెలు ఏర్పడినవి. వీటిని గూర్చిన మూల్యాంకనములు అధికముగా ఆదాయము, ఆహారము, అప్పు చెల్లింపులకు పరిమితమైనవి. కాని రాజకీయముగా ఈ సంఘములు చేసినది తక్కువ కాదు. సోలెడాడ్ ప్రిల్లమన్ మధ్యప్రదేశములో చేసిన పరిశోధన, ఇంటి పురుషుల వలయము దాటి తోటి స్త్రీలతో ముడి ఏర్పడుటయే రాజకీయ భాగస్వామ్యమును పెంచుచున్నదని చూపెను. సమాఖ్య అధ్యక్షురాలిగా లెక్కలు చదివి, బ్యాంకు మేనేజరుతో వాదించిన స్త్రీ తరువాత ఊరి ఎన్నికలో నిలుచుట గోదావరి పల్లెలలో వింత కాదు.

మరియొక పార్శ్వము కూడ కలదు. ముఖ్యమంత్రి సభ జరిగినప్పుడెల్ల బస్సులలో తరలివచ్చువారు ఈ సంఘముల స్త్రీలే. వేల సంఖ్యలో హాజరగుట పాల్గొనుట యనిపించుకొనదు. అయినను ఆ బస్సులో పోయివచ్చిన స్త్రీ తిరుగుదారిలో తోటివారితో ఏమి మాట్లాడెనో ఏ లెక్కకు అందునది కాదు. కావున ఈ విషయమున కఠినమైన తీర్పునకు నేను వెనుదీయుచున్నాను.

శిక్షణల మాట సంక్షేపముగా చెప్పవచ్చును. సామర్లకోటలోని విస్తరణ శిక్షణా కేంద్రము వంటి సంస్థలలో ఎన్నికైనవారికి తరగతులు జరుగుచున్నవి. ఎందరు వచ్చిరో, ఎన్ని రోజులు కూర్చుండిరో వ్రాసికొనుటతో మూల్యాంకనము ముగియుట సాధారణము. ఎన్నికైన పిమ్మట శిక్షణ ఇచ్చుట కాక, నామినేషను వేయుటకు ముందే ఇచ్చుట అవసరమను వాదము న్యాయమైనది. దానిని విస్తృతముగా ఆచరించి చూచినవారు తక్కువ.

ఒకచోట చేర్చి చూచినచో

సంఖ్యావాదుల కుంచము చౌక, వేగము, నమ్మదగినది. కాని పీఠము దాటి చూడదు. ఫలవాదులది నిశితమైనది, అయితే ఫలమును ముందుగా నిర్వచించుకొనును గనుక స్థానిక అవసరమును జారవిడుచు ప్రమాదమున్నది. మార్గవాదులది మానవీయమైనది, కాని పురుషుని ఏనాడును ఆ కుంచముతో కొలువలేదు. నిర్మాణవాదులది నిజమునకు దగ్గరదని నా తలంపు. దానికి కావలసిన కాలము ఒక తరము. ఈ నాలుగింటి నడుమ ఏకాభిప్రాయము కుదిరిన ఒక్క విషయము కలదు: ఒకేసారి వచ్చి పోవు అవకాశముకన్న, మరల మరల వచ్చు అవకాశము ఫలించును. పశ్చిమ బెంగాలులో రెండు పర్యాయములు వరుసగా రిజర్వు అయిన ఊళ్ళలో తరువాత స్త్రీల గెలుపులు పెరిగినవని లోరీ బీమన్ ప్రభృతులు చూపిరి. ముంబయి వార్డులలో రిజర్వేషను తొలగిన పిమ్మటకూడ స్త్రీల గెలుపు అవకాశము ఐదు రెట్లు పెరిగినదని రిఖిల్ భవ్నాని 2009లో నిరూపించిరి.

తేలని చిక్కుముడులు

వంతులు తిరుగుటయే ఇచట ప్రధాన సమస్య. ఈ పర్యాయము స్త్రీకి కేటాయించిన స్థానము మరుపర్యాయము పోవుననినచో, పార్టీలకు ఆమెను నిలుపుటకు ఆసక్తి యుండదు, ఆమెకు పేరు తెచ్చుకొనుటకు సమయముండదు. రెండు పర్యాయముల స్థిరత్వమునకు అనుకూలముగా ఆధారములున్నవి; అట్లు చేసినచో ఇతర వర్గముల వంతు ఆలస్యమగునను ప్రతివాదమునకును బలము కలదు.

ఎన్నికల మధ్య విరామములు మరియొకటి. 2018 ఆగస్టులో ముగిసిన పాలకవర్గముల స్థానమున 2021 వరకు ప్రత్యేకాధికారులు పాలించిరి. 2019 అక్టోబరులో వచ్చిన గ్రామసచివాలయములును, ఇంచుమించు 50 ఇళ్ళకొక వాలంటీరు ఏర్పాటును పంచాయతీ పనులలో పెక్కింటిని వేరు దారికి మళ్ళించినవి. స్త్రీలకు సగము స్థానములు వచ్చిన కాలముననే ఆ స్థానముల పని తగ్గుట యాదృచ్ఛికమా, కాదా అని విచారించిన పరిశోధకులు కావలెను.

ఏకగ్రీవములు మూడవది. 2021లో ఏకగ్రీవ గ్రామములకు ప్రభుత్వము ప్రోత్సాహకముగా 2,000 లోపు జనాభాకు 5 లక్షల రూపాయలు, 10,000 పైబడిన జనాభాకు 20 లక్షలు ప్రకటించినది. పోటీ లేకుండ ఎన్నికైన స్త్రీని పోటీచేసి గెలిచిన స్త్రీతో ఒకే వరుసలో లెక్కించుట యుక్తమా? ఊరి పెద్దలు కూడబలికి నిలిపిన అభ్యర్థిని పదవిలోనుండి ధైర్యము తెచ్చుకొనుటయు కలదు. కాని లెక్కలో ఆ భేదము కానరాదు.

ఇద్దరికి మించి సంతానము గలవారిని పోటీకి అనర్హులను చేసిన 1994 చట్టపు నిబంధన 2024 నవంబరు వరకు అమలులో నుండెను. కానుపుల సంఖ్యను నిర్ణయింపజాలని స్త్రీని ఆ సంఖ్య పేరనే వెలివేయుట వలన ఎందరు నామినేషను వేయకముందే నిలిచిపోయిరో ఎన్నికల పట్టికలు చెప్పవు. ఎన్నికైనవారి పేర్లే వాటిలో నుండును.

2023 సెప్టెంబరు నాటి 106వ సవరణ శాసనసభలకును లోక్‌సభకును మూడవవంతు ప్రత్యేకించినను, జనగణన, నియోజకవర్గ పునర్విభజనల తరువాతనే అమలులోనికి వచ్చి 15 సంవత్సరములే చెల్లునని నిబంధించినది. పంచాయతీలకు లేని ఈ గడువు శాసనసభలకు ఏల అను ప్రశ్నకు సూటి జవాబు లేదు. ఈ గడువులోనే ఫలమును నిరూపింపవలసి వచ్చును గనుక, పోల్చి చూచుటకు ఆధారము ఇప్పుడే సిద్ధపరచుకొనవలెను. మన సీమకు సంబంధించి అది సులభము కాదు: 2022 ఏప్రిల్ 4న రెండు గోదావరి జిల్లాలు విభజింపబడి, కాకినాడ, కోనసీమ, ఏలూరు వంటి క్రొత్త పేర్లతో లెక్కలు తెగిపోయినవి. 1995 మొదలు 2021 వరకు జరిగిన అయిదు పంచాయతీ ఎన్నికల అభ్యర్థుల పట్టికలను మండలము వారీగా పాత జిల్లాల క్రింద చేర్చి, ఏ స్థానము ఏ పర్యాయము స్త్రీలకు కేటాయింపబడినదో పక్కన వ్రాసినచో ఒక చిన్న పుస్తకమగును. ఆ పుస్తకములో వెదకవలసినది గెలిచినవారి పేర్లు కాదు. రిజర్వేషను తొలగిపోయిన మరుసటి ఎన్నికలో, పురుషుల పేర్ల నడుమ, నామినేషను పత్రములలో ఆమె పేరు మరల కనబడుచున్నదా, లేదా అని.